సీటుకు పడిన బ్రేకు

ఈ కాలపు కార్లకు కాలితో తొక్కే బ్రేకు లేదు, నోటితో చెబితే ఆగాలి. ఆగడం లేదని కొన్నవాళ్లంతా మొత్తుకుంటున్నా కంపెనీ చెవికెక్కదు. మేము పాడేరు ఘాట్ దిగుతుంటే మలుపులో మేకలు, వాటిని తోలుతున్న ముసలాయన కనిపించారు.

"ఆగు!" అని అరిచింది నా పక్కన కూర్చున్న మనవరాలు దమయంతి.

"బ్రేకు భేషుగ్గా ఉందండీ. మీ భయమే ఎక్కువ," అంది కారు, దూసుకుపోతూనే.

"నీ బడాయి తగలెయ్య! ఎవుల్ని సంపేద్దామనే?" అన్నాను.

ఈ కార్లు మురికిని మాత్రం ఓర్చుకోవు. సీటు పాడైతే తుడిచేదాకా కదలవు. నోట్లో నములుతున్న తాంబూలాన్ని తెల్లటి సీటు మీద తుపుక్కున ఉమ్మేశాను. మేకలకు బారెడు దూరంలో కారు టక్కున ఆగింది.

దమయంతి సీటు తుడవడానికి గుడ్డ తీసింది.

"తుడవకే పిల్లా, మళ్లీ బయల్దేరుతాది! మనిషి ప్రాణానికి పడని బ్రేకు దాని సీటుకి పడింది. దిగు, నడిసి పోదాం."