ఘాట్‌రోడ్డు నిమ్మకాయలు

“ఒక్కరు కూడా కక్కుకోలేదా?”

కొండ దిగి వచ్చిన కరెంటు బస్సు కిటికీ దగ్గర నిలబడి అడిగింది సుబ్బులమ్మ. డ్రైవరు పెంచలయ్య నవ్వాడు.

“లేదవ్వా. పొగ లేదు, డీజిలు కంపు లేదు. ఎందుకు కక్కుకుంటారు?”

“ఆ పెద్ద మలుపుల కాడ? యెనక సీట్లో ఉండేవాళ్లు కూడానా?”

“పసిబిడ్డలు కూడా నిద్దరపోతా ఉండారు.”

సుబ్బులమ్మ పుట్టుకతోనే చచ్చుబడ్డ ఎడమకాలు ఈడ్చుకుంటూ తన గంప దగ్గరికి వెళ్లింది. అలిపిరి బస్టాపులో ముప్పై ఏళ్లుగా ఆమెది ఒకటే వ్యాపారం. ఘాట్‌రోడ్డులో కడుపు తిప్పకుండా వాసన చూసుకునే నిమ్మకాయలు. డీజిలు బస్సు వచ్చి ఆగితే చాలు, ముందు తనే ఒక కాయ ముక్కు దగ్గర పెట్టుకునేది. బేరం కోసం ముసలిది భలే వేషం వేస్తుందని అందరూ నవ్వుకునేవారు. ఇప్పుడు గూడూరు కాయలు గంపలోనే వాడిపోతున్నాయి.

“నీ పొట్ట కొట్టింది గదక్కా ఈ బస్సు,” అని వాపోయింది పక్కన పూలమ్మే ఆనందమ్మ.

“నిమ్మసోడా బండి పెట్టుకుంటాలే.”

అలా అందే గాని, మరుసటి రోజూ బస్సు కిటికీ దగ్గరికి పోయి అదే ప్రశ్న వేసింది. పది రోజులు ఇదే వరస. ఒక్కడైనా కక్కుకుంటే ఆమె గంప కదులుతుంది గదా అని పెంచలయ్యకు జాలేసింది.

పదకొండో రోజు సుబ్బులమ్మ గంపను ఆనందమ్మకు అప్పగించి, టికెట్టు కొనుక్కుని బస్సెక్కింది.

“బస్సోళ్లతో కొట్లాటకు కొత్తచీర యేందక్కా?” అని ఆనందమ్మ కింద నుంచి అరిచింది.

“నా మాట మీద నమ్మకం లేదా అవ్వా?” అన్నాడు పెంచలయ్య.

“నేనే సూస్తా. నువ్వు పోనీ.”

వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా పెంచలయ్య అద్దంలో ఆమెను గమనించాడు. మొదట కళ్లు గట్టిగా మూసుకుంది. సగం దారిలో ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత కిటికీలోంచి లోయను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బస్సంతా ఆమె వైపు తిరిగి నవ్వింది.

కొండ మీద దిగగానే నేలను ముట్టి కళ్లకద్దుకుంది. ఏడుస్తూనే పట్టరాని సంతోషంతో నవ్వుతోంది. పెంచలయ్యకు అంతుబట్టలేదు.

“ముప్పై ఏండ్లుగా కొండ కిందే ఉండావు. ఎన్నితూర్లు వచ్చింటావో! ఇప్పుడు ఏడుస్తావేందవ్వా?”

“నేను కొండెక్కడం ఇదే మొదటితూరి, నాయనా.”