గోడ ఎలా ఉందమ్మా?

కుట్టి మడత పెట్టిన గౌను మీద బూజు మచ్చలు చూసి టైలరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏమండీ, ఇటొచ్చి ఈ గోడ చూడండి. చెమటలు పట్టినట్టు ఎలా కారుతోందో!"

"మొన్నేగా సున్నం వేయించాం?" అన్నాడు భర్త.

"వేయించాం. అదీ పెచ్చులూడి నా గుడ్డల మీదే పడింది."

కుట్టు గది ఆ ఇంట్లో చివరిది. దాని పైన డాబా. వాన మొదలైతే చాలు, గోడ నానిపోయేది. గుడ్డలకు ముక్క వాసన పట్టేది. ఇప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు వాసన చూసి, ముఖం చిట్లించి, కుట్టించుకోకుండానే వెళ్ళిపోయారు.

వాన కాస్త తెరిపిచ్చింది. గుడ్డలన్నీ మోసుకెళ్ళి డాబా మీద ఆరేసింది. ఆరేస్తూ ఆరేస్తూ ఏడ్చేసింది.

డాబా మీది ఒంటిగదిలో అద్దెకుండే నడివయసు మనిషి గుమ్మంలోంచి చూశాడు.

"ఏమైందమ్మా?"

"ఏముందండీ, కుట్టు గది గోడంతా తడి. గుడ్డలతో పాటు నా బతుకూ నానిపోతోంది."

"ఏ వైపు గోడమ్మా?"

"ఈ వైపే. చెప్తే మీరేమన్నా ఆరబెడతారా?" విసుక్కుని దిగి వచ్చేసింది.

ఆ వారమే తేమ లాగే మిషన్ కొనడానికి వెళ్ళారు. డీహ్యూమిడిఫైయర్ అన్న మాట ఇద్దరికీ నోరు తిరగలేదు. భర్త అన్నిటికన్నా చిన్నదాన్ని చూపించాడు.

"ఇది ముద్దుగా ఉందే."

"అది బీరువాలో పెట్టుకునేదండీ. గదికి చాలదు," అన్నాడు షాపతను.

"ముద్దు చేసుకోడానికి కొంటున్నామా?" అంది టైలరమ్మ పళ్ళు నూరుతూ.

చక్రాలున్న పెద్దది కొన్నారు. ఇంటికొచ్చాక భర్త దాన్ని ఆన్ చేసి, గాలి ఆడాలని కిటికీ బార్లా తెరిచాడు.

"మూయండి మహానుభావా! వీధిలో తేమంతా అది తాగాలా?"

మిషన్ లాగిన నీళ్ళతో దాని తొట్టి నిండినప్పుడల్లా పారబోసింది. కొన్నాళ్ళకు గోడ పొడిబారింది. వాసన పోయింది. మళ్ళీ గుడ్డలు రావడం మొదలైంది.

"చూశారా, మిషనంటే ఇదీ!" అని వచ్చిన వాళ్ళందరికీ చూపించింది.

కానీ ఇంకో బాధ మొదలైంది. వాన పడితే చాలు, పైన గరగరమని ఏదో ఈడ్చిన చప్పుడు. ధబ్బుమని దించిన చప్పుడు. అటూ ఇటూ పరుగులు.

"వానొస్తే ఈ మనిషికి పూనకం వస్తుందా ఏంటి?" కుట్టు తప్పినప్పుడల్లా తిట్టుకునేది.

అది చాలదన్నట్టు, వాన వెలిసిన కాసేపటికి ఆయన దిగొచ్చేవాడు. ఒళ్ళంతా తడిసి, దగ్గుతూ గుమ్మంలో నిలబడేవాడు.

"గోడ ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది. మిషన్ కొన్నాంగా."

"మంచిదమ్మా."

తర్వాతి వానకు మళ్ళీ అదే ప్రశ్న. ఆ తర్వాతా అదే. చివరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మా గోడ సంగతి మీకెందుకండీ? ముందు ఆ చప్పుడు ఆపండి!"

"వాన పడ్డప్పుడే కదమ్మా. పైన కొంచెం..."

"పైన ఏం చేస్తున్నారో నా చెవులకు తెలుస్తూనే ఉంది లెండి!"

ఆయన దగ్గుకుంటూ మెట్లెక్కాడు.

ఆమె నేరుగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళింది.

"ఆయనన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి. మీరే తేల్చుకోండి."

ఓనరుకు తేల్చుకోవడం కష్టం కాలేదు. పై గది మనిషి ఓ పెట్టె, పరుపు చుట్టతో దిగాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"వెళ్ళొస్తానమ్మా. వానలింకా అయిపోలేదు. గోడ మీద ఓ కన్నేసి ఉంచండి."

"సరే, సరే." తలుపు మూసి, "పీడా విరగడైంది," అంది.

పై గదిలోకి ఓ కొత్త జంట దిగింది. మళ్ళీ పెద్ద వాన పడింది. ఈసారి పైన అలికిడి లేదు. టైలరమ్మ హాయిగా ఓ జాకెట్టు పూర్తి చేసి తలెత్తింది.

గోడ తడిసి నల్లబడి ఉంది.

మిషన్ ఎంత లాగినా లాభం లేకపోయింది. తొట్టి నిండుతోంది, పారబోస్తోంది, మళ్ళీ నిండుతోంది.

"దిక్కుమాలిన మిషన్! అప్పుడే పాడైంది!"

"గాల్లో తేమంటే అది లాగుతుంది గానీ, పైనుంచి కారే నీళ్ళని అదేం చేస్తుందే?" అన్నాడు భర్త. "పద, పైకెళ్ళి చూద్దాం."

సరిగ్గా కుట్టు గది నెత్తిన మడుగు కట్టి ఉంది. కొత్తగా దిగినమ్మాయి గది ముందు ఇటుక ముక్కలు ఊడుస్తోంది.

"ఏంటమ్మా ఈ నీళ్ళు? ఇన్నాళ్ళూ లేవే!" అంది టైలరమ్మ.

"డాబా వాలే మీ గది వైపండీ. ఇక్కడ చిన్న ఇటుకల గట్టు అడ్డం ఉండేది. నిన్న మావారు పగలగొట్టేశారు. లేకపోతే నీళ్ళన్నీ మా గదిలోకే! లోపల గోడలు చూడండి, మోకాలి దాకా ఎలా నానిపోయాయో."

టైలరమ్మ తొంగి చూసింది. తనకు బాగా తెలిసిన ముక్క వాసన గుప్పుమంది. మూలన, ఈడ్చి ఈడ్చి అడుగులు అరిగిపోయిన బకెట్లు రెండు పడి ఉన్నాయి.

"ఎవరు కట్టారు ఆ గట్టు?" నెమ్మదిగా అడిగాడు భర్త.

"మా ముందున్నాయనేనటండీ, ఎవరో గానీ మరీ పిచ్చి మనిషిలా ఉన్నాడు," అంటూ ఆ అమ్మాయి బకెట్లు బయట పడేసింది, "మీ మీదకి పోయే నీళ్ళని కావాలని తన గుమ్మంలోకి తిప్పుకుని, వానంతా ఎత్తిపోసుకుంటూ బతికాడు!"