చెంచాడు మీగడ

షేవింగ్ నురగను బోడిల్ చెంచా నిండా తీసి నోట్లో పెట్టుకుంది.

తిల్డె గుండె ఆగినంత పనైంది.

వంటల పుస్తకాల ఫొటోల కోసం వంటకాలను ముస్తాబు చేయడం తిల్డె పని. స్టూడియో దీపాల వేడికి అసలు మీగడ పది నిమిషాల్లో కారిపోతోంది. అందుకే ఎవరూ చూడకుండా స్ట్రాబెర్రీ కేకు మీదా, పక్కనున్న గిన్నెలోనూ నురగ నింపేసింది.

ఆ పుస్తకం రాసిన, డెబ్బై దాటిన బోడిల్ మొదటిరోజే చెప్పింది. "నా పుస్తకంలో దొంగ సరుకు వద్దమ్మాయ్. అన్నీ అసలువే ఉండాలి." తిల్డె సరేనని తలూపింది.

ఆవిడది మంచి మనసు. ఏం వండినా తను ముట్టేది కాదు. "ఉప్పు సరిపోయిందా, చూసి చెప్పండర్రా" అంటూ పార్సిల్ తెచ్చినవాడికి కూడా ఒక ముద్ద పెట్టేది. అంత పేరున్నా ఎంత వినయమో అని అందరూ అబ్బురపడేవారు.

ఆఖరిరోజు ఫొటోగ్రాఫర్ యెప్పె సరదా పడ్డాడు. "బోడిల్ గారూ, మీరు రుచి చూస్తుండగా ఒక్కటి తీస్తాను."

తిల్డె నోరు తెరిచేలోపే చెంచా లోపలికి వెళ్లిపోయింది. బోడిల్ కళ్లు మూసుకుంది. "ఆహా! అచ్చం మా అమ్మ చేతి మీగడే!" అంది.

యెప్పె కెమెరా క్లిక్‌మంది.

ఆపాల్సింది. తిల్డె ఆపలేదు. మర్నాడు ఏదో వంకతో ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని నవ్వింది బోడిల్. ఆ నవ్వు తిల్డెను మరీ కుంగదీసింది. నలుగురిలో తిల్డె పరువు పోకూడదనే పెద్దావిడ ఆ సబ్బు నురగను గుటుక్కున మింగిందని తోచింది.

పైగా ప్రచురణకర్తలు ఆ ఫొటోనే అట్ట మీద వేశారు. ఆర్హుస్ నగరంలో ఏ పుస్తకాల షాపు అద్దంలో చూసినా బోడిల్ మూసిన కళ్లే. ఆ షాపులు కంటపడకుండా తిల్డె సైకిల్ మీద సందుల వెంట తిరగడం మొదలుపెట్టింది.

ఇక తట్టుకోలేక, బోడిల్ సంతకాలు చేస్తున్న షాపుకు వెళ్లి వరసలో నిలబడింది.

"ఆరోజు మీరు తిన్నది మీగడ కాదండీ. గడ్డం గీసుకునే నురగ. తెలిసి కూడా నన్ను కాపాడారు. క్షమించండి."

బోడిల్ చేతిలో కలం ఆగిపోయింది. మొహం పాలిపోయింది. లేచి, తిల్డె చెయ్యి పట్టుకుని అల్మారాల వెనక్కి లాక్కెళ్లింది.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదండీ."

"అనకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. మూడేళ్ల కిందట జ్వరమొచ్చి తగ్గినప్పట్నుంచీ నాకు రుచీ, వాసనా రెండూ తెలియడం లేదు."