నిరంకుశురాలు

“ఇది రాసిందెవరు?”

పెద్దత్త కాగితాన్ని ఆవిరిలో ఎత్తి పట్టుకుంది. లాండ్రీ ఇస్త్రీ గదిలో పెట్టెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తాళ్ల మీది తెల్ల దుప్పట్ల మధ్య మనుషుల మొహాలు తేలుతూ, కరిగిపోతూ ఉన్నాయి.

పెద్దత్త ఎవరికీ అత్త కాదు. ఆ గది మీద అజమాయిషీ ఆమెది. కిటికీ తెరవకూడదు. కూనిరాగం తీయకూడదు. పనివేళ ముగిసేదాకా నడుం వాల్చడం అటుంచి, కూర్చోనే కూడదు. ఈ నెలాఖరుతో ఆమె గడువు తీరుతుంది. ఇంకా ఉంచాలో, పంపెయ్యాలో లాండ్రీ యజమాని అయ్యగారు తేల్చాలి.

“అయ్యగారికి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ‘మా పెద్దత్త నిరంకుశురాలు’. అంతే, ఒక్క ముక్క. సంతకం కూడా లేదు.”

దుప్పట్లు మడతపెట్టే మడతలమ్మ చేతిలోని దుప్పటి జారింది. రాసింది ఆమే. ఎక్కువ రాస్తే చేతిరాత పట్టిస్తుందని ఒక్క మాటతో సరిపెట్టింది. పేపర్లో ఎవరో రాజు గురించి రాసినచోట ఏరుకున్న మాట అది. అందరి కష్టమూ అదొక్కటే చెప్పేస్తుందనుకుంది. ఇప్పుడు దొరికిపోతే ఈ పూటే పని పోతుంది.

“నాకీ మాట కొత్త. అర్థం చెప్పండి” అంది పెద్దత్త.

“కొత్త సబ్బేమో అత్తా” అంది గంజి కలిపే అక్క.

“నన్ను పట్టుకుని సబ్బంటావేంటే?”

“ఏదైతేనేం, వినడానికి ఎంత బాగుందో! నిరంకుశ... నిరంకుశా...” బొత్తాలు కుట్టే పిన్ని కళ్లు మూసుకుని ఎవరినో దూరం నుంచి పిలుస్తున్నట్టు అంది. “మా మనవరాలికి పెట్టేస్తా.”

“నువ్వు చెప్పు మడతలమ్మా. చదువుకుంటున్నావుగా, పండితురాలివి” అంది పెద్దత్త.

తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసంటే కొంప మునుగుతుంది. మడతలమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది.

“అంకుశమంటే ఏనుగును పొడిచే ములుకర్ర అత్తా. నిర్ అంటే లేదని. అంటే, చేతిలో ములుకర్ర లేని మనిషి. ఎవరినీ పొడవని మనిషి.”

పెద్దత్త కాగితం వైపు చాలాసేపు చూసింది.

“పొడవని మనిషి” అంది, నిద్రలో మాట్లాడుతున్నట్టు. “ముప్పై ఏళ్లలో నన్నెవరూ ఇంత మంచి మాట అనలేదే.”

ఆమె నడిచి వెళ్లి కిటికీ తెరిచింది. గాలి లోపలికి దూకింది. దుప్పట్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. గది నేల విడిచి మెల్లగా ఎటో తేలిపోతున్నట్టు అనిపించింది. పిన్ని భయపడుతూనే చిన్నగా రాగం అందుకుంది. పెద్దత్త తిట్టలేదు సరికదా, స్టూలు తెచ్చి పిన్ని పక్కన వేసింది. “కూర్చోవే. ఎంతసేపని నిలబడతావు?”

గంజి అక్క మడతలమ్మ చెవిలో గుసగుసలాడింది. “ఒసేయ్, ఇది కలేమో. ఒకసారి గిల్లు.”

“గిల్లితే మెలకువొచ్చేస్తుంది, ఊరుకో అక్కా.”

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. పెద్దత్త దుప్పట్ల మధ్య తిరుగుతూ ఒకరికి మంచినీళ్లు ఇచ్చింది, ఒకరి కాలిన వేలికి మందు రాసింది. చూస్తున్నకొద్దీ మడతలమ్మకు గుండె బరువెక్కింది. ఒక్క మంచి మాటకే మనిషి ఇలా అయిపోతే, ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటా ఎవరూ ఎందుకు అనలేదు? సాయంత్రానికి తన అబద్ధాన్ని తనే నమ్మేసింది. తను రాసిన ఉత్తరం చూసి అయ్యగారు పాపం ఈవిణ్ణి పంపేస్తారేమోనని బెంగ పట్టుకుంది.

అందరూ వెళ్లాక ఉండబట్టలేక పెద్దత్త ముందు నిలబడింది.

“అత్తా, నన్ను పన్లోంచి తీసేసినా సరే. ఆ మాటకు అర్థం అది కాదు. చాలా చెడ్డ మాట. రాసింది నేనే. ఇప్పుడే అయ్యగారి దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకుంటా, మిమ్మల్ని పంపొద్దని.”

పెద్దత్త ఆమె చెంప మీద చల్లటి చెయ్యి వేసింది. కళ్లలో కోపం లేదు.

“ఎందుకమ్మా శ్రమ? కంటి ఆపరేషనైన దగ్గర్నుంచీ అయ్యగారికి ఉత్తరాలు చదివి వినిపించేది నేనే. నిరంకుశురాలంటే ఏమిటని పొద్దున ఆయనా అడిగారు. నేనూ అచ్చం నువ్వు చెప్పిన అర్థమే చెప్పాను. ఇంకో ఐదేళ్లు నన్నే ఉండమన్నారు.”