ఎడమ మడమ కింద

“బూటు విప్పు.”

మూడో బెంచీ అమ్మాయి ప్రశ్నపత్రం మీంచి తలెత్తింది. “ఎందుకు సార్?”

“విప్పమన్నానా! హాల్లోకి కుంటుకుంటూ వచ్చావు. ఇందాకట్నుంచీ ఆ ఎడమ కాలు ఒక్కచోట నిలవడం లేదు. కెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ణే గానీ, కళ్ళు లేనివాణ్ణి కాదు.”

కాలేజీలో ఆయన్ని అందరూ భూతద్దం మాస్టారంటారు. ఎవరి సబ్జెక్టు పరీక్షకు వాళ్ళు హాల్లో ఉండకూడదన్నది నియమం. అందుకని రష్యన్ డిగ్రీ ఆఖరి పరీక్షకు కాపలా ఆయనకు పడింది, పాఠం చెప్పిన రష్యన్ మేడమ్ కింద ఆఫీసులో కూర్చుంది. మాస్టారికి ఆ భాషలో అక్షరం ముక్క రాదు. రాకపోతేనేం, దొంగను పట్టడానికి చూపు చాలు, చదువెందుకని ఆయన ధీమా. పైగా పొద్దున్నే ప్రిన్సిపాల్ పిలిచి మరీ చెప్పాడు: “మీరున్న హాల్లో మళ్ళీ కాపీ జరిగిందంటే, డిపార్ట్‌మెంట్ హెడ్ పోస్టు మీద మీరిక ఆశ వదులుకోవడమే.” ఆ పోస్టు కోసం మాస్టారు ఎదురుచూడని రోజు లేదు. అందుకే ఇవాళ కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నారు.

“పరీక్ష అయ్యాక చూపిస్తాను సార్,” అంది అమ్మాయి.

“అయ్యాక చూడ్డానికి ఏముంటుంది, నా మొహం! ఇప్పుడే విప్పుతావా, డిబార్‌కి రాసేయమంటావా?”

అమ్మాయి వంగి బూటు విప్పి ఇచ్చింది. మాస్టారు దాన్ని తలకిందులు చేసి దులిపారు. చీటీ రాలలేదు. ఠంగుమని ఓ నాణెం పడి, దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది. అనుమానం తీరక మేజోడు కూడా విప్పించారు. అందులో కాలు తప్ప ఇంకేం లేదు.

“ఏమిటీ నాణెం?”

“ఎడమ మడమ కింద నాణెం పెట్టుకుంటే పరీక్ష బాగా రాస్తామని రష్యాలో పిల్లల నమ్మకం సార్. మేడమ్ చెప్పారు. క్లాసంతా పెట్టుకొచ్చాం.”

“క్లాసంతానా?”

అందరి బూట్లూ విప్పించారు. హాలు నిండా కంపు, నేల నిండా చిల్లర. చీటీ అన్నది మాత్రం మచ్చుకైనా లేదు.

మాస్టారికి ముఖం చెల్లలేదు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

“ఇన్నాళ్ళలో పక్కవాళ్ళ పేపర్లోకి ఒక్కసారి తొంగి చూసి ఎరగను సార్. క్లాసు ఫస్టు నేను. నన్ను దొంగను చేసి, అందరి ముందూ కాలు ఎత్తించారు.”

“నా డ్యూటీ అలాంటిదమ్మా,” అని గొణిగారు మాస్టారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు చూసేసరికి ఆయనకూ మనసు చివుక్కుమంది. “సరే, నాదే పొరపాటు. ఇప్పుడేం చేయమంటావు?”

అమ్మాయి తల వంచుకుని చాలాసేపు ప్రశ్నపత్రం వైపే చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది.

“నాణెం జారిపోతే అపశకునం సార్. బోర్డు మీద నాలుగు మంచి మాటలు రాసుకుంటే దోషం పోతుంది.”

“ఓస్, అంతేనా! రాసుకో తల్లీ.”

అమ్మాయి సుద్దముక్క అందుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలు వరసగా పడ్డాయి. నాలుగు మాటలనుకున్నది ఆరు వరసలైంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

మాస్టారిలో భూతద్దం మళ్ళీ మేలుకుంది. “నాలుగు మాటలన్నావు. ఇంత చాంతాడేమిటి?”

“ఆ భాషలో దీవెనలు కొంచెం పొడుగు సార్.”

దీవెనలైతే నవ్వెందుకొచ్చినట్టు? కడుపు మండిన పిల్ల దీవిస్తుందా? అనుమానమే లేదు, ఇవి తిట్లు. తనకు చదవడం రాదని తననే బోర్డెక్కించి తిడుతోంది! మాస్టారికి చెవులు వేడెక్కాయి.

“చెరిపేయమంటారా సార్?” అంటూ అమ్మాయి డస్టర్ తీసింది.

“ఖబడ్దార్! డస్టర్ అక్కడ పెట్టు. మీ మేడమ్ వచ్చి చదివేదాకా ఒక్క అక్షరం చెరగడానికి వీల్లేదు.”

అమ్మాయి బుద్ధిగా డస్టర్ పెట్టేసి వెళ్ళి కూర్చుంది. మాస్టారు కుర్చీ లాక్కుని, బోర్డు మీద ఈగ వాలకుండా కాపలా కాశారు.

అంత క్రమశిక్షణ ఆయన సర్వీసులో చూడలేదు. పక్కచూపు చూసినవాడు లేడు. పిల్లలంతా తలెత్తి సూటిగా ఆయనున్న వైపే చూడటం, తల వంచి రాసుకోవడం. భయమంటే అదీ అనుకున్నారు. ఎవరో, “కొంచెం జరుగుతారా సార్, కిటికీకి అడ్డంగా ఉన్నారు, వెలుతురు రావడం లేదు,” అంటే పెద్దమనసుతో జరిగారు కూడా.

గంట కొట్టగానే పేపర్లు లాక్కుని మేడమ్‌కు కబురు పెట్టారు. సాక్ష్యానికి ఉంటాడని ప్రిన్సిపాల్‌ను కూడా పిలిపించారు.

“మొహమాటపడకండి మేడమ్. నన్ను ఏమని తిట్టారో ప్రిన్సిపాల్ సార్ ఎదటే చదివి చెప్పండి. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.”

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని బోర్డు చదివింది. చేతిలో ఉన్న ప్రశ్నపత్రం చూసింది. మళ్ళీ బోర్డు చూసింది.

“తిట్లేం లేవు సార్. ఇది మూడో ప్రశ్నకి జవాబు. ఇరవై మార్కులది. ఒక్క తప్పు కూడా లేదు.”