గులాబీ ఫ్రిజ్‌కి బొట్టు

లోకమంతా 2061లో ఉన్నా, విశాఖ శివార్లలోని ఆ కాలనీలో మాత్రం ఎప్పుడూ 1955వ సంవత్సరమే, అదీ అమెరికాలోది. అక్కడ అద్దెకున్నవాళ్ళు కుచ్చుల గౌన్లు, రింగుల జుట్టుతోనే వంట చెయ్యాలి. నియమం తప్పితే మాట్లాడే ఇంటి గోడలే పట్టేస్తాయి.

గులాబీరంగు ఫ్రిజ్ ఇంట్లో దిగిన పొద్దున, పైడమ్మ గౌను కుచ్చులు సర్దుకుని దాని తలుపుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇది ఆ కాలం గుర్తు కాదు. తుడిచెయ్యండి. లేదా సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యండి," అంది గోడ.

"తుడిచీవే, ఇంత సల్లటి ఇల్లు మల్లీ దొరకదు," అన్నాడు మొగుడు సూరిబాబు, టై బిగించుకుంటూ.

పైడమ్మ తుడవలేదు. పెట్టె తెరిచి తాతమ్మ ఫోటో తెచ్చి గోడకి చూపించింది. అందులో కొత్త కుట్టుమిషను, దానికి బొట్టు, వెనక క్యాలెండర్‌లో 1955.

"సూసుకో. ఆ ఏడాది అమెరికావోళ్ళకే వచ్చిందేటి? మాకూ వచ్చింది."

పైడమ్మ కుంకుమ భరిణెతో దగ్గరకు నడిచి, గోడ గొంతు వినిపించే జాలీ మీద వేలితో గట్టిగా అద్దింది.

"ఇన్నాళ్ళూ నీకే బొట్టెట్టడం మరిసిపోనాను."