ఎలుగుపిల్ల తాగుడుకు కట్టిన వరస

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా మనవరాలా, నాకు మిగిలిన ఆ ఒక్క పన్నూ రాలిపోవాలి.

ఎలుగుబంటి బంతెమ్మ కొడుకు ఇంకా గొంతైనా మారని వయసులోనే, గుంటలో పులిసిన ఇప్పపువ్వు నీళ్లు తాగడం మరిగాడు. వాడు తూలితే కొండ తూలేది, పాడితే మబ్బులు చెవులు మూసుకునేవి.

"వైద్యం చేయించు వదినా" అంది తాబేలు.

"కుర్రాడు, సరదాకి తాగుతాడు. చెడితే వాడి కడుపేగా, మీకేం పోయింది?" అంది బంతెమ్మ.

"అయితే లెక్క తేలుద్దాం" అని, వాడివల్ల ఇబ్బంది పడ్డవాళ్లంతా వచ్చి వరసలో నిలబడాలని తాబేలు చాటింపు వేసింది.

వరస కొండను ఏడు చుట్లు చుట్టింది. బంతెమ్మ ఒక్కొక్కరినీ నిలదీస్తూ నడిచింది.

"నువ్వెందుకొచ్చావే?" అని కుందేలునడిగింది.

"మా బొరియకి అడ్డంపడి నిద్రపోయాడత్తా. మూడు రోజులు లోపలే ఉన్నాం."

పిచ్చుక పిల్లలకి అమ్మా అనడంకన్నా ముందు వాడి బూతులొచ్చేశాయట.

"నిన్న మా చిన్నోడూ ఆ గుంటకే పోయాడు" అంది నక్క, నవ్వకుండా.

వరస చివర చీమ ఉంది. "నన్నింకా తొక్కలేదు పెద్దమ్మా. కానీ వాడెటు తూలతాడోనని నిద్ర పట్టట్లేదు. నీకు పడుతోందా?"

బంతెమ్మ కంటిమీద కునుకు పడి పదహారు పున్నములైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. వెళ్లి చీమ వెనకాల నిలబడింది.

విన్నావుగా మనవరాలా, ఇక లే. అవతలి కొండమీద కొండముచ్చు వైద్యుడుంటాడు. బంతెమ్మ రమ్మంటోందని చెప్పి, వెంటబెట్టుకురా.